మా మండువా ఇల్లు: పడగొట్టాలా, బాగు చేయించుకోవాలా?

అడిగినవారు: లంక ఊరి టీచర్

నమస్కారమండి. మాది కోనసీమలో గోదావరి గట్టుకి దగ్గర్లో ఒక ఊరు. మా తాతగారు 1952లో కట్టించిన మండువా లోగిలిలో నేనూ మా అమ్మా ఉంటున్నాం. మధ్యలో పైకప్పు లేని పల్లపు మండువా, దాని చుట్టూ వసారా, గదులు. అమ్మకి 81 ఏళ్ళు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి పోయినేడు రిటైరయ్యాను. ఇంటి సంగతి ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొన్న ఆషాఢంలో ఒక రాత్రి రెండు గంటలప్పుడు అమ్మ బాత్రూంకని లేచింది. మా బాత్రూం వెనక దొడ్లో ఉంది. మంచం దగ్గర్నుంచి అక్కడికి వెళ్ళాలంటే మూడు గడపలు దాటాలి, మండువాలో దిగి ఎక్కాలి, వెనక రెండు మెట్లు దిగాలి. ఆ రాత్రి వాన. మండువాలో రాళ్ళు పాచి పట్టి ఉన్నాయి. జారి పడింది, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యి ఇప్పుడు వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. పడినప్పుడు ఆవిడ పిలిచిందట. వాన చప్పుడులో నాకు వినపడలేదు. ఎంతసేపు అలా తడుస్తూ ఉందో అడిగితే చెప్పదు.

హాస్పిటల్ నుంచి వచ్చిన వారానికి నేను టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచాను. గడపలు ఒక్కోటీ 4 అంగుళాల ఎత్తు. మండువా నేల వసారా కంటే 9 అంగుళాలు పల్లం. తలుపుల లోపలి వెడల్పు 27 అంగుళాలు. లైటు స్విచ్చి గుమ్మం పక్కన, మంచానికి తొమ్మిది అడుగుల దూరంలో ఉంది. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లోనే తిరిగాను, వీటిలో ఒక్కటీ నా కంటికి ఆనలేదు.

ఇంకొకటి కూడా తెలిసింది. మండువాలో దిగక్కర్లేకుండా చుట్టూ వసారా మీదుగా వెనక్కి వెళ్ళే దారి ఒకప్పుడు ఉండేది. 1996 నవంబరు తుఫానుకి ఇంటి వెనక పక్క పెంకంతా లేచిపోయింది. ఆ రాత్రి మేమందరం ముందు గదిలో మంచాల కింద కూర్చున్నాం. నాన్నగారికి పెంకు మీద నమ్మకం పోయింది. 1997లో వెనక పక్కంతా స్లాబు వేయించారు. ఎలాగూ పని జరుగుతోంది కదా అని వెనక వసారాకి గోడలు పెట్టి తమ్ముడికి చదువుకునే గది చేశారు. మండువాలోంచి దొడ్లోకి మధ్యలో నడవ మాత్రం వదిలారు. అప్పట్నుంచి దొడ్లోకి వెళ్ళాలంటే మండువాలో దిగాల్సిందే. అప్పుడు అమ్మకి ఇంకా యాభై అయిదు దాటలేదు, ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడా స్లాబు పెచ్చులు ఊడుతోంది, ఇనుము బయటికి కనిపిస్తోంది. పోయిన నెల బియ్యం డబ్బా పక్కనే అరచేతి మందం పెచ్చు పడింది. ఇక గోడలు. అవి అడుగున్నర మందం, సున్నం గోడలు. 2010లో పైన సిమెంటు పూత వేయించాం. నడుం ఎత్తు వరకు పొక్కులు వచ్చి రాలిపోతున్నాయి. రెండుసార్లు రంగులు వేయించినా అంతే.

మా తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు. మొత్తం పడగొట్టి డూప్లెక్స్ కడదామంటున్నాడు. బొమ్మ కూడా గీయించి పంపాడు. ముందు గోడంతా అద్దం, హాలు మీద 20 అడుగుల ఎత్తు ఖాళీ, ఓపెన్ కిచెన్, పైన మూడు బెడ్‌రూములు. మొత్తం 2,400 చదరపు అడుగులు. మేస్త్రి చదరపు అడుక్కి 2,300 చెప్పాడు, అంటే 55 లక్షల 20 వేలు. కింద ఒకే ఒక్క గది ఉంది, పదికి పది. దాని మీద గెస్ట్ రూమ్ అని రాసి ఉంది. అమ్మ గది ఏదిరా అంటే అదే అన్నాడు. వాడిని తప్పుపట్టడం లేదు. ఆ స్లాబు కింద అమ్మ ఉందంటే వాడికి అక్కడ నిద్ర పట్టడం లేదు.

నాకు మాత్రం ఈ ఇల్లు మార్చాల్సింది అమ్మ రాత్రిపూట భయం లేకుండా బాత్రూంకి వెళ్ళిరావడానికి. ముందు అది జరగాలి, మిగతావన్నీ దాని తర్వాతే. ఆ ఒక్క పనికి ఇల్లంతా పడగొట్టాలా? ఉంచితే ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

రిటైర్డ్ ఇంజనీర్, కాకినాడ

టీచర్ గారూ, ముందు ఒక మాట. ఆ స్లాబు కింద గదులు ఈరోజే ఖాళీ చేయండి. బియ్యం డబ్బా కూడా బయటికి తెచ్చేయండి. మేస్త్రిని పిలిచి స్లాబు కింద ఆసరాగా జాకీలు పెట్టించండి. మిగతాదంతా తర్వాత మాట్లాడుకోవచ్చు.

మీరు రాసినదాన్నిబట్టి చూస్తే మీ ఇంట్లో దెబ్బతిన్నవి తాతగారు కట్టినవి కావు, తర్వాత చేర్చినవి. స్లాబులో ఇనుము కింద కాంక్రీటు పొర తగినంత మందం లేకపోతే గాలీ తేమా లోపలికి వెళ్ళి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే కాంక్రీటుని లోపల్నుంచి నెట్టి పగలగొడుతుంది. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం, 2000లో సవరించిన ఐ.ఎస్. 456 ప్రకారం మామూలు చోట్ల స్లాబుకే ఆ పొర 20 మిల్లీమీటర్లు ఉండాలి. మీ వైపు ఉప్పుగాలికి ఇంకా ఎక్కువ కావాలి. ఆ రోజుల్లో పల్లెల్లో ఇనుము కింద కవర్ బిళ్ళలు పెట్టకుండా, చిన్న చిన్న కంకర రాళ్ళే ఆనించి పోసేసిన స్లాబులు నేను చాలా చూశాను.

సుత్తితో మెల్లగా తట్టి చూడమనండి. అక్కడక్కడ మాత్రమే డొల్ల శబ్దం వస్తే, పాడైన కాంక్రీటు తీసేసి, ఇనుము తుప్పు గీకి, తుప్పు పట్టకుండా పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చవచ్చు. అంతటా డొల్లగా ఉంటే దించేయడమే మంచిది. సిమెంటు పూసి కప్పేయమనేవాళ్ళ మాట వినకండి, లోపల తుప్పు ఆగదు. 5 అంగుళాల స్లాబు చదరపు అడుక్కి దాదాపు 30 కిలోలు ఉంటుంది. అది నెత్తిన పడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

గోడల పొక్కులకి కారణం ఆ సిమెంటు పూతే. సున్నం గోడ నేల చెమ్మని పైకి పీల్చుకుని గాలికి వదిలేస్తుంది. మీరు పైన సిమెంటు వేసి ఆ దారి మూసేశారు. చెమ్మ లోపలే ఉండిపోయి, దాంతోపాటు వచ్చిన ఉప్పు పూతని తోసేస్తోంది. నాలుగు అడుగుల ఎత్తు వరకు సిమెంటు చెక్కించేయండి. ఒక వేసవంతా ఆరనిచ్చి, మళ్ళీ గానుగ సున్నంతోనే పూయించి సున్నం వేయండి. వాటర్‌ప్రూఫ్ రంగులు వద్దే వద్దు.

మీ బాత్రూం సంగతికొస్తే, అమ్మగారి గది పక్కన ఏముందో రాయలేదు. అది చెప్పండి.

తెనాలి నుంచి

అక్కా, అమ్మగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. మా అత్తగారింట్లో కూడా మండువా ఉంది. వానా, కోతులూ పడలేక ఆరేళ్ళ క్రితం మండువా మీద ఫైబర్ షీటు బిగించేశాం. ఆ వేసవిలో ఇంట్లో ఉండలేకపోయాం. వేడి గాలి పైకి పోయే దారి అదొక్కటే, దాన్ని మేమే మూసేశాం. మరుసటేడు షీటు విప్పించి, పెంకు అంచుకి రెండడుగుల పైన ఇనప చట్రం మీద మళ్ళీ వేయించి, చుట్టూ ఉన్న ఖాళీకి జాలీ కొట్టించాం. ఇప్పుడు వాన లోపల పడదు, కోతి రాదు, గాలి ఆడుతోంది. మీరు ఉంచుకుంటే ఇలా చేయించండి. మండువాలో రాళ్ళు కూడా పొడిగా ఉంటాయి.

ఓపెన్ కిచెన్ గురించి ఒక్క మాట. మా చెల్లెలు గుంటూరు ఫ్లాట్‌లో అదే పెట్టించుకుంది. ఎండుమిరపకాయ పోపు వేసిన రోజు హాల్లో ఉన్నవాళ్ళందరికీ దగ్గే. చివరికి మధ్యలో గాజు తలుపు పెట్టించింది. అమ్మగారికి ఆయాసం ఉంటే ఇది ఆలోచించుకోండి. వంటగది మార్చేటట్లయితే గట్టు మీ మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందకి ఉండేలా కట్టించండి. మేస్త్రి తన అలవాటు ప్రకారం కట్టేస్తాడు, దగ్గరుండి కొలిపించండి.

అమలాపురం వాడిని, ఇప్పుడు డాలస్

నేను మీ తమ్ముడి పక్షమే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మా ఇల్లు 2016లో పడగొట్టించాను. పెంకు నేసే మనిషి దొరకలేదు. ఏటా వానలకి ముందు పెంకు సర్దించకపోతే వాసాలు నానిపోతాయి. మా ఊళ్ళో ఆ పని వచ్చిన ముసలాయన పోయాక, నాన్న ఒక్కడే నిచ్చెన ఎక్కి సర్దేవాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి పెంకు మీద ఉన్నాడని ఫోనులో విన్నప్పుడు ఇక్కడ నా గుండె ఆగినంత పనైంది. ఉంచుకుంటాం అనేముందు, పదేళ్ళ తర్వాత దాన్ని ఎవరు చూస్తారో కూడా ఆలోచించండి.

ఒకవేళ పడగొట్టినా, కొంత పడగొట్టినా, టేకు లెక్క మీరే చూసుకోండి. పాత కలప కొనేవాళ్ళు ఇల్లంతా కలిపి ఒక రేటు చెబుతారు. స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు ఒక్కొక్కటీ కొలిపించి ఘనపుటడుగుల లెక్కన అడగండి. మేము అలా కొలవలేదు, ఇప్పటికీ బాధపడుతున్నాం. ఇంకో సంగతి, ఇల్లు తాతగారి పేరు మీదే ఉంటే, మీ ఇద్దరూ కలిసి కాగితాలు సరిచేసుకున్నాకే పెద్ద ఖర్చు పెట్టండి.

లంక ఊరి టీచర్

అందరికీ నమస్కారాలు. ఇంజనీరు గారూ, మీ మాట చదివిన రోజే గదులు ఖాళీ చేశాం, జాకీలు పెట్టించాం. మేస్త్రి సుత్తితో తడితే సగానికి పైగా డొల్ల శబ్దమే వచ్చింది. నేను పక్కనే నిలబడి విన్నాను. ఆ కింద మా తమ్ముడు పదో తరగతి నుంచి డిగ్రీ దాకా చదువుకున్నాడు.

డాలస్ బాబూ, మీ నాన్నగారి మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. పెంకు నేసేవాళ్ళు మా దగ్గర ఇంకా ఇద్దరున్నారు, ఇద్దరూ అరవై దాటినవాళ్ళే. మీ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నాకు ఓపికున్నన్నాళ్ళు నేను చూసుకుంటాను. కాగితాల పని తమ్ముడు మొదలుపెట్టాడు.

అమ్మ గది పక్కన వాయవ్యం మూల ధాన్యం గది ఉంది. ఎనిమిదికి పది. ఒకప్పుడు నిండా గాదెలుండేవి. ఇప్పుడు వడ్లు కళ్ళంలోనే అమ్మేస్తున్నాం, ఆ గదిలో పాత పత్రికలూ విరిగిన ఉయ్యాల బల్లా ఉన్నాయి. అమ్మ గదికీ దానికీ మధ్య ఒక్క గోడే. దాన్ని బాత్రూం చేస్తే?

రిటైర్డ్ ఇంజనీర్, కాకినాడ

అమ్మా, అంతకంటే మంచి చోటు దొరకదు. వాస్తు చూసేవాళ్ళు కూడా వాయవ్యానికి అడ్డు చెప్పరు, పెద్దావిడకి ఆ పట్టింపు ఉంటే చెప్పండి.

మధ్య గోడ బరువు మోసే గోడ. ముందు పైన లింటెల్ (గుమ్మం మీద గోడ బరువు మోసే అడ్డ దూలం) దూర్చి, అటూ ఇటూ కనీసం 9 అంగుళాలు గోడ మీద ఆనేలా పెట్టి, అది గట్టిపడ్డాకే కింద గుమ్మం కొట్టాలి. గుమ్మం లోపలి వెడల్పు 36 అంగుళాలు ఉండాలి. రేపు చక్రాల కుర్చీ అవసరమైనా పడుతుంది. గడప వద్దు. బాత్రూం నేలని గదితో సమంగా తెచ్చి, స్నానం చేసే మూలకి వాలు ఇవ్వండి. గరుకు టైల్స్ వేయండి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరిచే తలుపు తీయలేరు.

మీ ఇంటి పీఠం ఎత్తు కాబట్టి గొట్టాలకి ఇబ్బంది లేదు. 4 అంగుళాల గొట్టానికి 40 అడుగులకి ఒక అడుగు వాలు చాలు. ఇంకుడు గొయ్యి మాత్రం నూతికి 60 అడుగుల దూరం తగ్గకూడదు. వైరింగు కూడా మార్పించి, ఎర్తింగుతో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) పెట్టించండి.

స్లాబు దించేశాక అక్కడ తేలికైన ఇనప ట్రస్సుల (పైకప్పు మోసే చట్రాల) మీద పెంకే వేయవచ్చు. ట్రస్సుల్ని గోడలకి బోల్టులతో బిగించాలి, చూరు వరసా కొప్పు వరసా పెంకుల్ని కట్టించాలి. తొంభై ఆరులో మీ ఇంటికి లేనిది ఆ కట్టే.

లంక ఊరి టీచర్

తమ్ముడు ఆదివారం వచ్చి వెళ్ళాడు. మీ సమాధానాలన్నీ చదివి వినిపించాను. డూప్లెక్స్ మాట పక్కన పెట్టాడు. స్లాబు దించేస్తున్నాం. వాడి చదువు గదికి కట్టిన గోడలు కూడా తీయించి వసారాని మళ్ళీ కలిపేద్దామని వాడే అన్నాడు. తెనాలి చెల్లి చెప్పినట్టు మండువా మీద ఎత్తుగా షీటూ జాలీ. అన్నీ కలిపి 19 లక్షల దాకా అవుతుందని మేస్త్రి లెక్క వేశాడు. గోడల సున్నం పని వచ్చే వేసవికి.

గడపల దగ్గర మాత్రం అమ్మ ఒప్పుకోలేదు. సింహద్వారానికీ దేవుడి గదికీ గడప ఉండాల్సిందే, శుక్రవారం పసుపు ఎక్కడ రాస్తానంది. ఆ రెండూ ఉంచుతున్నాం. దేవుడి గది ముందు చెక్కతో వాలు బల్ల చేయిస్తున్నాం. 4 అంగుళాల ఎత్తుకి 4 అడుగుల పొడుగు.

ధాన్యం గది నిన్న ఖాళీ చేశాం. కమోడు పక్కన పట్టుకునే కడ్డీ ఎంత ఎత్తులో పెట్టాలని మేస్త్రి అడిగాడు. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి గోడ పక్కకి జరిపాం. లేవబోతున్నట్టు చెయ్యి పెట్టమన్నాను. ఆవిడ చెయ్యి ఆనిన చోట పెన్సిలుతో గీత గీశాను. నేల నుంచి 29 అంగుళాలు వచ్చింది.