పెద్దోడికి ఆటిజం. చిన్నదానికి తొమ్మిదో నెల సూది వేయించాలా, ఆపాలా?

కావలి నాన్న:
మా పెద్దోడికి నాలుగేళ్ళు. రెండున్నరేళ్ళప్పుడు ఆటిజం అని చెప్పారు. చిన్నదానికి వచ్చే బుధవారానికి తొమ్మిది నెలలు నిండుతాయి, ఆశా కార్యకర్త కార్డు చూసి ఎంఆర్ (తట్టు, రుబెల్లా) సూదికి రమ్మని చెప్పిపోయింది. ఇంట్లో గొడవ. పెద్దోడు ఇదే టీకా రెండోది, ఏడాదిన్నర సూది వేయించే దాకా అత్త, తాత, బువ్వ అనేవాడు, ఆ తర్వాతే మాటలు పోయాయని మా అమ్మ పట్టు. మా ఆవిడ ఏడుస్తుందే తప్ప ఏమీ చెప్పదు. నేను డిగ్రీ చదివినా అమ్మ మాట తప్పని గట్టిగా అనలేకపోతున్నా. ఎందుకంటే నేనూ చూశాను, ఆ నెలలోనే పోయాయి. ఇట్టా అయినవాళ్ళు ఉంటే చెప్పండి. తిట్టొద్దు.

దర్గామిట్ట:
తిట్టేదేముందన్నా, మాదీ ఇదే కథ. పాపకి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. మూడేళ్ళ పాటు నేను ఆ సూదినే తిట్టుకున్నా. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి రెండేళ్ళు వరుసగా ఆరోగ్య రొట్టె పట్టుకున్నా. అది వేరే సంగతి, మనసుకి ఏదో ఒకటి కావాలి కదా.

నా మనసు మారింది పాత ఫోను వల్ల. మెమరీ కార్డులో పాప మొదటి పుట్టినరోజు వీడియో దొరికింది. కేకు చుట్టూ ఇరవైమంది పేరు పెట్టి పిలుస్తున్నారు. అది ఫ్యాను వంక చూస్తోంది. ఎనిమిదిసార్లు పిలిచారు, నేను లెక్కపెట్టా. ఒక్కసారీ తిరగలేదు. ఏడాదిన్నర సూది పడింది అప్పటికి కాదు, ఇంకో ఏడు నెలలకి. ఆ వీడియో అంతకు ముందు ఎన్నిసార్లు చూశానో, "మా బిడ్డకి ఫ్యానంటే ఇష్టం" అని నవ్వుకునేవాణ్ణి. చెన్నైలో చూపించినప్పుడు డాక్టరమ్మ చెప్పింది, అమెరికాలో 1994లోనే ఇట్టాంటి మొదటి పుట్టినరోజు వీడియోలు పోల్చి చూశారంట. మొహం వంక చూడడం, వేలు పెట్టి చూపించడం, పేరు పిలిస్తే తిరగడం, తేడా అప్పటికే ఉందంట.

మీ వాడి పాత వీడియోలు తీయండి. ముందు మీరొక్కరే చూడండి.

టంగుటూరు పొగాకు:
మా ఇంట్లో ఇప్పటికి నాలుగు కారణాలు తేలాయి. కడుపుతో ఉండగా గ్రహణం చూడడం, మేనరికం, సెల్‌ఫోను, సూది. ఎవరికి ఎవరి మీద కోపముంటే ఆ కారణం బయటికొస్తుంది.

చీమకుర్తి:
నేను వేరేగా అంటా. మా తాతల కాలంలో ఇన్ని సూదులు లేవు, ఇంతమంది ఇట్టాంటి పిల్లలూ లేరు. 2025 నవంబర్‌లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళే వెబ్‌సైట్‌లో మాట మార్చారు, టీకాలకీ ఆటిజానికీ సంబంధం లేదని ఖాయంగా చెప్పలేమన్నట్టు రాశారు. అంత పెద్దవాళ్ళే మార్చుకుంటుంటే మనకెందుకు తొందర? ఆరు నెలలు ఆగితే ఏం పోయింది?

పాత ఏఎన్‌ఎం, కనిగిరి:
ఆరు నెలల్లో ఏం పోతుందో చెప్తా నాయనా. తట్టు పోస్తే బిడ్డే పోవచ్చు.

ముప్పై ఏళ్ళు ఈ పల్లెల్లో టీకాల డబ్బా భుజాన వేసుకుని తిరిగినదాన్ని. తల్లి నుంచి బిడ్డకి వచ్చిన రక్షణ తొమ్మిదో నెలకి చాలా వరకు తరిగిపోతుంది, అందుకే ఆ నెల పెట్టారు. తట్టు ఉన్నవాడు గదిలోంచి లేచిపోయినా రెండు గంటల దాకా ఆ గాలిలో ఉంటుంది. రక్షణ లేనివాళ్ళు పదిమంది దగ్గరుంటే తొమ్మిదిమందికి అంటుకుంటుంది. అమ్మవారు వచ్చిందని వేపాకు పరిచి పడుకోబెట్టిన బిడ్డలు నిమ్ము చేసి పోవడం కళ్ళారా చూశా. ఇప్పటి తల్లులు అది చూడలేదు, అందుకే సూదే పెద్ద భయంగా కనిపిస్తోంది.

తాతల కాలంలో లేరంటున్నావు. ఉన్నారు. మూగోడు, మొండిది, గాలి సోకింది అని పేర్లు. ఒక ఊళ్ళో ఒకబ్బాయిని మంచం కోడుకి కట్టేసేవాళ్ళు. చేతులు రెక్కల్లా ఆడించేవాడు, ఎవరి కళ్ళలోకీ చూసేవాడు కాదు. వాడు పుట్టేనాటికి ఆ ఊళ్ళోకి తట్టు సూదే రాలేదు.

భవిత టీచర్:
కనిగిరి అమ్మ చెప్పినదానికి రెండు మాటలు కలుపుతా. ఆటిజం గురించి కన్నర్ అనే డాక్టరు రాసింది 1943లో. తట్టు టీకా వచ్చింది 1963లో.

ఈ భయం మొదలైంది 1998లో. లండన్‌లో వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు పన్నెండుమంది పిల్లల మీద లాన్సెట్ పత్రికలో వ్యాసం రాశాడు. టీకా కంపెనీల మీద కేసు వేయబోతున్న లాయర్ల దగ్గర అతను డబ్బు తీసుకున్నాడని తర్వాత బ్రయాన్ డీర్ అనే విలేకరి బయటపెట్టాడు. 2010లో లాన్సెట్ ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, అదే ఏడు అతని డాక్టరీ రిజిస్ట్రేషన్ కూడా పోయింది. అతను వేలెత్తి చూపింది తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్ని. మన పీహెచ్‌సీలో వేసేది ఎంఆర్, అందులో గవదబిళ్ళలది ఉండదు.

చీమకుర్తి గారూ, సీడీసీ పేజీ మారింది నిజమే. అమెరికాలో ఆరోగ్య మంత్రి మారాక మారింది, కొత్త రుజువు దొరికి కాదు. మరుసటి నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీ అధ్యయనాలన్నీ మళ్ళీ చూసి సంబంధం లేదనే చెప్పింది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షలమంది పిల్లల్ని ఏళ్ళ తరబడి చూసి 2019లో లెక్క వేశారు. ఎంఎంఆర్ వేసుకున్నవాళ్ళలో ఆటిజం ఎక్కువేమీ లేదు.

కావలి నాన్న గారికి పనికొచ్చేది ఇంకొకటుంది. అమెరికాలో దాదాపు 95 వేలమంది పిల్లల్ని చూసి 2015లో ప్రచురించారు, అందరూ అన్నో అక్కో ఉన్నవాళ్ళే. పెద్దబిడ్డకి ఆటిజం ఉన్న ఇళ్ళలో కూడా, చిన్నబిడ్డకి టీకా వేస్తే ముప్పు పెరగలేదు. దాచకుండా చెప్పాల్సిందీ ఒకటుంది. అన్నకో అక్కకో ఉంటే తర్వాత పుట్టినవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరికి వస్తుంది, సూది వేసినా వేయకపోయినా. కాబట్టి పాపని గమనిస్తూ ఉండండి. పదహారు నెలలు దాటాక ఆటిజం లక్షణాలు పసిగట్టే ఇరవై ప్రశ్నల ఎం-చాట్ అనే కాగితం ఉంటుంది, పిల్లల డాక్టరునడిగి నింపించండి.

మాటలు పోవడం మీ భ్రమ కాదు. ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి వచ్చిన మాటలో, నేర్చుకున్న చేష్టలో పోతాయి, ఎక్కువగా ఏడాదిన్నర, రెండేళ్ళ మధ్యే. బూస్టర్, అంటే ఆ ఏడాదిన్నర సూది, పడేదీ ఆ వయసులోనే.

చీమకుర్తి:
రుబెల్లా ఎందుకు మరి? అదేమంత జబ్బు?

భవిత టీచర్:
పిల్లలకి పెద్దగా ఏమీ కాదు. కడుపుతో ఉన్న తల్లికి సోకితే బిడ్డకి చెవుడు, కంట్లో పొర, గుండెకి రంధ్రం రావచ్చు. 1964లో అమెరికాలో రుబెల్లా బాగా వచ్చింది. అప్పుడు అట్టా పుట్టిన పిల్లల్ని స్టెల్లా చెస్ అనే డాక్టరమ్మ పరీక్షించి, వాళ్ళలో ఆటిజం మామూలు కంటే ఎన్నో రెట్లు ఉందని 1971లో రాసింది. ఆటిజానికి కచ్చితంగా తెలిసిన కారణాల్లో ఒకదాన్ని ఆపేది ఈ సూదే.

దర్గామిట్ట:
ఇంకొకటి చెప్పాలి. సూదిలో పాదరసం అనే భయం పట్టుకుని నేను ఒక క్లినిక్కి పోయా, ఊరూ పేరూ చెప్పను. "ఒంట్లో చేరిన లోహాలు కడిగేస్తాం" అన్నారు. ఎనభై వేలు పోయాయి, పాపకి వాంతులు మిగిలాయి. 2005లో అమెరికాలో ఇట్టాంటి వైద్యంలోనే ఆటిజం ఉన్న ఐదేళ్ళ పిల్లాడు చనిపోయాడని తర్వాత చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ డబ్బుతో ఏడాది స్పీచ్ థెరపీ అయ్యేది.

చీమకుర్తి:
తట్టు సంగతి ఒప్పుకుంటా. కానీ సూది వేసి పంపిస్తారు, ఏమొస్తుందో చెప్పరు, అడిగితే విసుక్కుంటారు. మావాడికి వారం తర్వాత జ్వరం, ఒంటి మీద ఎర్రగా పొక్కులు. మాకు గుండె ఆగినంత పనైంది. నమ్మకం పోయింది అక్కడే.

పాత ఏఎన్‌ఎం, కనిగిరి:
అది మా తప్పే, కాదనను. బుధవారం, శనివారం అరవైమంది క్యూలో ఉంటే చెప్పడం మానేస్తాం. ఇప్పుడు విను. ఎంఆర్ వేశాక జ్వరం ఆ రాత్రి కాదు, ఏడు నుంచి పన్నెండు రోజుల మధ్య రావచ్చు. కొందరికి సన్నగా ఎర్రగా పేలుతుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఆ రోజే న్యుమోనియా టీకా కూడా పడుతుంది, దాని జ్వరం మాత్రం ఆ రాత్రే రావచ్చు. బరువుని బట్టి పారాసిటమాల్ ఎంతో రాయించుకోవాలి. సూది కాగానే ఇంటికి పరుగెత్తొద్దు, అరగంట కూర్చోవాలి. ఫిట్స్ వచ్చినా, బిడ్డ మందకొడిగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి.

కావలి నాన్న:
ఆలస్యంగా రాస్తున్నా. వీడియోలు చూశాం. ఒక్కణ్ణే చూద్దామనుకున్నా, అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. అన్నప్రాసన వీడియోలో నవ్వుతున్నాడు, ఏమీ తేడా లేదు. పుట్టినరోజుది పెట్టా. చప్పట్లు కొడుతుంటే చెవులు మూసుకుని కొవ్వొత్తి వంకే చూస్తున్నాడు. సగంలో అమ్మే అంది, "అప్పుడే పిలిస్తే పలికేవాడు కాదురా, చెవుడేమో అనుకున్నాం కదా." నాకు గుర్తే లేదు. బొట్టు పెట్టేటప్పుడు మొహం తిప్పుకునేవాడని మా ఆవిడ చెప్పింది. ఈ సంగతి ఇంట్లో ముగ్గురం కలిసి మాట్లాడుకోవడం అదే మొదలు.

బుధవారం వేయించాం. అమ్మ రాలేదు. తొమ్మిదో రోజు 101 జ్వరం వచ్చింది. తడిగుడ్డ వేస్తూ రాత్రంతా కూర్చుంది అమ్మే, "ఆ కనిగిరమ్మ చెప్పిందిగా" అంటూ. రెండు రోజుల్లో తగ్గింది.

నేను మాత్రం రోజుకి ఇరవైసార్లు చిన్నదాన్ని పేరు పెట్టి పిలుస్తున్నా. ప్రతిసారీ తిరిగి చూస్తోంది, నిన్నటి నుంచి కొంచెం విసుగ్గా.