ప్రెస్సు నుంచి యాప్ డిజైన్‌కు మారాలి: రెజ్యూమె ఎలా ఉండాలి?

నమస్కారమండీ. మాది విజయనగరం. మూడేళ్లుగా బెంగళూరులో ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సులో గ్రాఫిక్ డిజైనర్‌ని. పెళ్లి కార్డులు, మందుల డబ్బాల లేబుళ్లు, కన్నడ బోర్డులు, ఏది వస్తే అది చేశాను. ఇప్పుడు యాప్ తెరలు డిజైన్ చేసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్ నేర్చుకుని యాప్ డిజైన్ ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నాను.

రెజ్యూమెను ఇలస్ట్రేటర్‌లో రెండు నిలువు వరుసలుగా, నైపుణ్యాలకు చుక్కల మార్కులు పెట్టి, ముచ్చటగా తయారుచేశాను. అలవాటు కొద్దీ అక్షరాలన్నీ ఔట్‌లైన్లుగా, అంటే బొమ్మల్లాంటి గీతలుగా మార్చి పీడీఎఫ్ తీశాను. నిన్న చూస్తే అందులోంచి ఒక్క మాట కూడా కాపీ కావడం లేదు! కంపెనీల్లో రెజ్యూమెలు చదివే సాఫ్ట్‌వేర్‌కు నా పేరైనా కనబడిందో లేదో. 40 దరఖాస్తులకు ఒక్క జవాబూ లేదు మరి.

సరే, అది దిద్దుకుంటాను. నా అసలు సందేహం వేరు. మందు లేబుల్‌పై మోతాదును పెద్దవాళ్లు కళ్లద్దాలు లేకుండా చదివేలా నాలుగుసార్లు మార్చి చేశాను. నాకు బాగా నచ్చిన పని అదే. యాప్ డిజైనర్లను ఎంపిక చేసేవారికి ఇది అనుభవంగా కనిపిస్తుందా? రెజ్యూమెలో రెండు వాక్యాల్లో ఎలా రాయాలి? పోర్ట్‌ఫోలియోకు, అంటే చేసిన పనులు చూపించడానికి, డిజైనర్లు వాడే బిహాన్స్ సైటు లింకు సరిపోతుందా, సొంత వెబ్‌సైట్ కావాలా? ఇక్కడ ఇంటర్వ్యూలు చేసే తెలుగువారెవరైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.