డిజిటల్ ఆడియో కనెక్షన్లకు ఎక్కడ ఏ కేబుల్ వాడాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా హాల్లో రెండు స్పీకర్లు, ఒక స్టీరియో యాంప్లిఫయర్, దానికి ముందు డిజిటల్ సంకేతాన్ని అనలాగ్‌గా మార్చే డీఏసీ ఉన్నాయి. డీఏసీకి కోయాక్సియల్ (రాగి తీగది), ఆప్టికల్ (కాంతితో పనిచేసేది), యూఎస్‌బీ ఇన్‌పుట్లు మాత్రమే ఉన్నాయి, హెచ్‌డీఎంఐ లేదు. సీడీ ప్లేయర్ దాని పక్కనే ఉంటుంది కనుక, పాత టేప్‌రికార్డర్‌తో వచ్చిన ఎరుపు, తెలుపు ఆడియో తీగల్లో ఒకదాన్ని తీసి రెండింటి మధ్య కోయాక్సియల్ కేబుల్‌గా పెట్టాను. పాట బాగానే వస్తోంది. అయినా ఈ పనికి 75 ఓమ్‌ల కేబులే ఉండాలని ఎక్కడ చదివినా కనిపిస్తోంది. నేను వాడుతున్న తీగ వల్ల నాకు తెలియకుండా ఏదైనా నష్టం జరుగుతోందా?

రెండో సంగతి ల్యాప్‌టాప్‌ది. దాన్ని యూఎస్‌బీతో కలిపినప్పుడు పాట ఏదీ పెట్టకపోయినా స్పీకర్లలోంచి సన్నని గుయ్‌మనే శబ్దం వస్తోంది, ఛార్జర్ పీకగానే అది పోతోంది. పైగా ల్యాప్‌టాప్ ఉండే బల్ల గదికి అవతలి మూలన ఉంది. గోడ వెంట కొలిస్తే 7 మీటర్లు వచ్చింది.

మూడోది టీవీ. ఆప్టికల్ ద్వారా డీఏసీకి కలిపితే వార్తలు, పాటలు చక్కగా వినిపిస్తున్నాయి కానీ కొన్ని సినిమాలు పెట్టినప్పుడు ఒక్క మాటైనా వినిపించదు. కేబుల్ మార్చాలా?

వెండి పూత ఉన్న ఖరీదైన కేబుళ్లు వేస్తే స్వరం ఇంకా తేటపడుతుందని మా బావగారు గట్టిగా చెబుతున్నారు. కొనేముందు తెలిసినవారి మాట వినాలని అడుగుతున్నాను.

మొదటి సమాధానం

నమస్కారం. మీ మొదటి ప్రశ్నకు కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ 75 ఓమ్‌ల మాటను చాలామంది చెబుతారు కానీ అది ఎందుకో చెప్పేవారు తక్కువ.

కోయాక్సియల్, ఆప్టికల్ కనెక్షన్లు ధ్వనిని పంపే పద్ధతి పేరు ఎస్పీడీఐఎఫ్. ఇందులో ఒక్కో నమూనాకు (ధ్వనిని ఒక క్షణంలో కొలిచిన విలువకు), రెండు ఛానెళ్లూ కలిపి, 64 బిట్లు వెళ్తాయి. సీడీలో సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి కనుక తీగ మీద సెకనుకు 28 లక్షలకు పైగా బిట్లు ప్రయాణిస్తాయి. ఒక్కో బిట్‌ను రెండు అరలుగా విభజించి పంపే సంకేత పద్ధతి కనుక అతి చిన్న పల్స్ నిడివి సుమారు 177 నానోసెకన్లు. ఇంత వేగంలో మార్పులు జరుగుతున్నప్పుడు కేబుల్‌ను మామూలు తీగలాగా కాకుండా, కెరటం వెళ్లే దారిలాగా చూడాలి. ఆ కెరటానికి దారి చూపే నిరోధాన్ని ఇంపీడెన్స్ అంటారు, 75 ఓమ్‌లు అన్నది దాని కొలతే. కెరటం ఒక ఇంపీడెన్స్ ఉన్న దారి నుంచి మరో ఇంపీడెన్స్ ఉన్న దారిలోకి అడుగుపెట్టినప్పుడు కొంత భాగం వెనక్కి మళ్లుతుంది. పంపే పరికరం, అందుకునే పరికరం రెండూ 75 ఓమ్‌లకే తయారై ఉంటాయి కాబట్టి మధ్యనున్న కేబుల్ కూడా అంతే ఉంటే ఆ మళ్లింపు ఉండదు.

ఇప్పుడు మీ తీగ సంగతి. కేబుల్‌లో సంకేతం నానోసెకనుకు సుమారు 20 సెంటీమీటర్లు పోతుంది. మీ తీగ 1 మీటరు అనుకుంటే చివర తాకి వెనక్కి రావడానికి 10 నానోసెకన్లు చాలు, అంటే 177 నానోసెకన్ల పల్స్‌లో అది మొదట్లోనే వచ్చి సద్దుమణిగిపోతుంది. అందుకే మీకు పాట బాగా వస్తోంది. అదే 192 కిలోహెర్ట్జ్ ఫైల్, అంటే సెకనుకు 1,92,000 నమూనాలున్నది, పంపితే పల్స్ 41 నానోసెకన్లకు కుదించుకుపోతుంది, కేబుల్ 5 మీటర్లయితే ప్రతిధ్వని 50 నానోసెకన్లకు తిరిగి వచ్చి తర్వాతి పల్స్ మీద పడుతుంది. తీగ పొడవు, నమూనాల వేగం పెరిగేకొద్దీ సరైన ఇంపీడెన్స్ తప్పనిసరి అయ్యేది ఈ కారణం వల్లనే.

కనుక ప్రస్తుతానికి భయం లేదు గానీ, మార్చుకోవడం మంచిది, అందుకు పెద్ద ఖర్చూ అక్కర్లేదు. పాత డీవీడీ ప్లేయర్‌తో వచ్చిన మూడు రంగుల కేబుల్ ఇంట్లో ఉంటే అందులోని పసుపు తీగ వీడియో కోసం చేసినది, 75 ఓమ్‌లకే ఉద్దేశించినది. ఎరుపు, తెలుపు తీగలకు ఆ నియమం లేదు. పొడవాటి కేబుల్ కావాలంటే ఆర్జీ-59 లేదా ఆర్జీ-6 రకానికి ఆర్‌సీఏ పిన్నులు (ఆ రంగు తీగల కొసల్లో ఉండే రకం) బిగించుకోవచ్చు. ఆర్జీ-58 మాత్రం తీసుకోవద్దు, చూడటానికి వాటిలాగే ఉన్నా అది 50 ఓమ్‌ల రకం.

రెండో సమాధానం

పైన రాసినవారి లెక్క ఎంతో ఉపయోగపడింది. నేను గుయ్‌మనే శబ్దం గురించి చెబుతాను.

ఆ శబ్దం పాట తాలూకు బిట్లలో లేదు. యూఎస్‌బీ కేబుల్‌లో డేటా తీగలతో పాటు 5 వోల్టుల తీగ, గ్రౌండ్ తీగ కూడా ఉంటాయి. ఛార్జర్ నుంచి వచ్చే చిన్నపాటి విద్యుత్ ప్రవాహం ఆ గ్రౌండ్ గుండా డీఏసీకి, అక్కడి నుంచి ఆడియో తీగల తొడుగు మీదుగా యాంప్లిఫయర్‌కు చేరి, అనలాగ్ భాగంలో శబ్దమై బయటపడుతుంది. ఛార్జర్ పీకగానే ఆ దారి తెగుతుంది, శబ్దం ఆగుతుంది. అందుచేత ఇంకో యూఎస్‌బీ కేబుల్, అది ఎంత మందంగా ఉన్నా, ఈ బాధను తీర్చదు. ల్యాప్‌టాప్‌కూ డీఏసీకీ మధ్య లోహపు బంధమే లేకుండా చేయాలి. పైగా యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లకు మించకూడదు, మీకు 7 మీటర్లు కావాలి.

ల్యాప్‌టాప్ పక్కన యూఎస్‌బీని ఆప్టికల్‌గా మార్చే చిన్న పరికరం పెట్టి, అక్కడి నుంచి డీఏసీ దాకా ఆప్టికల్ కేబుల్ లాగండి. 1983లో తోషిబా తెచ్చిన టాస్‌లింక్ ఇదే. ఇందులో 1 మిల్లీమీటరు మందం గల ప్లాస్టిక్ పోగు గుండా ఎర్రని కాంతి వెళ్తుంది, రాగి అన్నదే లేదు, కాబట్టి గ్రౌండ్ దారి ఏర్పడదు. ప్లాస్టిక్ పోగులో కాంతి దూరం పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. 5 మీటర్ల దాకా నిశ్చింతగా ఉండవచ్చు, 10 మీటర్ల లోపు మంచి కేబుల్‌తో సాధారణంగా పని జరుగుతుంది. మీ దూరం ఆ మధ్యలో ఉంది కనుక నాణ్యమైనది ఎంచుకోండి, 192 కిలోహెర్ట్జ్ మీద ఆశ పెట్టుకోకండి. చాలా ఆప్టికల్ పరికరాలు 96 దాకానే హామీ ఇస్తాయి.

గోడ మూల తిరిగే చోట కేబుల్‌ను మడత పెట్టకుండా గుండ్రంగా తిప్పండి. పోగు ఒకసారి నలిగితే కాంతి అక్కడే చెదిరిపోతుంది, పైకి మాత్రం ఏమీ కనిపించదు. కొత్త కేబుల్ కొసల మీద పారదర్శకమైన చిన్న ప్లాస్టిక్ టోపీలు ఉంటాయి. అవి కనీకనిపించకుండా ఉంటాయి, వాటితోనే గుచ్చి రాలేదని బాధపడినవారిని నేను చూశాను. టోపీలు తీసి, ఒక కొసను ల్యాప్‌టాప్ వైపు పరికరానికి పెట్టి, రెండో కొసను తెల్ల కాగితానికి దగ్గరగా పట్టుకోండి, ఎర్రని చుక్క పడాలి. ఆ చుక్క కనిపించాకే డీఏసీలో గుచ్చండి.

దూరం ఇంకా పెరిగే ఆలోచన ఉంటే నెట్‌వర్క్ కేబుల్ పద్ధతి చూడండి. అది 100 మీటర్ల దాకా పోతుంది, ప్రతి పోర్టులోనూ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి మామూలు తొడుగులేని కేబుల్ వాడితే గ్రౌండ్ బాధ కూడా ఉండదు. అయితే డీఏసీ దగ్గర నెట్‌వర్క్ నుంచి పాట అందుకునే పరికరం ఒకటి అదనంగా కావాలి.

మూడో సమాధానం

టీవీ విషయంలో కేబుల్ తప్పేమీ లేదని దాదాపు ఖాయంగా చెప్పగలను. వార్తలు వినిపిస్తున్నాయంటే కాంతి చక్కగా అందుతోంది. ఆ సినిమాల్లో ఉన్నది డాల్బీ డిజిటల్ లేదా డీటీఎస్ వంటి కుదించిన 5.1 ఛానెళ్ల ధ్వని, అంటే ఐదు ప్రధాన ఛానెళ్లు, ఒక బేస్ ఛానెల్. టీవీ దాన్ని విప్పకుండా అలాగే ఆప్టికల్‌లో పంపుతోంది, మీ స్టీరియో డీఏసీకి అది అర్థం కాక మౌనంగా ఉండిపోతోంది. టీవీ సెట్టింగులలో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ అని ఉంటుంది, దాన్ని పీసీఎంకు, అంటే కుదించని మామూలు డిజిటల్ ధ్వనికి, మార్చండి. అప్పుడు టీవీయే విప్పి రెండు ఛానెళ్లుగా అందిస్తుంది. ఈ మార్పు చేసేటప్పుడు వాల్యూమ్ తగ్గించి ఉంచండి, ఎందుకంటే కొన్ని డీఏసీలు కుదించిన ధ్వనిని మౌనం చేయకుండా పెద్ద హోరుగా స్పీకర్లకు పంపేస్తాయి.

రేపు హోమ్ థియేటర్ రిసీవర్ కొనాలనుకుంటే మాత్రం హెచ్‌డీఎంఐ దారి పట్టాలి. టీవీ ధ్వనిని అదే హెచ్‌డీఎంఐ కేబుల్‌లో వెనక్కి రిసీవర్‌కు పంపే పద్ధతిని ఏఆర్‌సీ అంటారు. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఇది, సామర్థ్యంలో ఇంచుమించు ఆప్టికల్‌కు సాటి. రిమోట్‌తో వాల్యూమ్ మార్చుకునే సౌకర్యం అదనం. 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన దాని మెరుగైన రూపం ఈఏఆర్‌సీ సెకనుకు 37 మెగాబిట్ల దాకా మోస్తుంది, కుదించని ఎనిమిది ఛానెళ్ల ధ్వని అందులో పడుతుంది. దీనికి "అల్ట్రా హై స్పీడ్" అని ధ్రువీకరణ చీటీ ఉన్న కేబుల్ తీసుకోండి. చాలా పొడవైన ఆప్టికల్ రకం హెచ్‌డీఎంఐ కేబుళ్లకు ఒకవైపు సోర్స్, మరోవైపు డిస్‌ప్లే అని గుర్తులుంటాయి. ఏఆర్‌సీలో ధ్వని టీవీ నుంచి వెనక్కి వస్తుంది కదా అని కేబుల్‌ను తిప్పి పెట్టకూడదు. డిస్‌ప్లే అని ఉన్న కొస ఎప్పుడూ టీవీ వైపే ఉండాలి, ఆ కేబుల్ ఈఏఆర్‌సీని మోస్తుందా లేదా అన్నది కొనేముందే చూసుకోవాలి.

మీ బావగారి మాటకు గౌరవంతోనే జవాబు చెబుతాను. వెండి రాగి కంటే విద్యుత్తును కొద్ది శాతం మాత్రమే మెరుగ్గా ప్రసరింపజేస్తుంది. డిజిటల్ కేబుల్‌లో వెళ్లేవి అంకెలు. కేబుల్ తన పనిలో విఫలమైనప్పుడు పై స్థాయి స్వరాలు మెత్తబడటం, గాత్రం మసకబారటం వంటివి జరగవు. టిక్కుమనే శబ్దాలు, మధ్యమధ్య మాట తెగిపోవడం, లేదా పూర్తి నిశ్శబ్దం వినిపిస్తాయి. గడియార స్పందనల్లో వచ్చే స్వల్ప తేడాను, అంటే జిట్టర్‌ను, డీఏసీ తనలోని సర్క్యూట్‌తో సరిచేసుకుంటుంది. ఆ సర్క్యూట్ బాగున్న డీఏసీకి పెట్టే డబ్బు కేబుల్‌కు పెట్టే డబ్బు కంటే సార్థకం.

ప్రశ్న అడిగినవారి నుంచి

ముగ్గురికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. టీవీలో పీసీఎంకు మార్చగానే ఆ సినిమాల మాటలు వచ్చేశాయి. అటకమీది పాత డబ్బాలో పసుపు తీగ దొరికింది, సీడీ ప్లేయర్‌కు దాన్నే పెట్టాను. వినడానికి తేడా ఏమీ లేదు, మీరు చెప్పిన లెక్క ప్రకారం ఉండకూడదు కూడా.

ల్యాప్‌టాప్‌కు 8 మీటర్ల ఆప్టికల్ కేబుల్, మార్చే పరికరం తెప్పించాను. కాగితం మీద ఎర్రని చుక్క చూసి గుచ్చాను. ఛార్జర్ పెట్టినా గుయ్‌మనే శబ్దం లేదు. 96 కిలోహెర్ట్జ్ దాకా గంటసేపు విన్నా ఎక్కడా తెగలేదు, 192 పెడితే మాత్రం ఉండుండి టిక్కుమంటోంది, కాబట్టి ల్యాప్‌టాప్‌లో 96కే స్థిరపరిచాను. మిగిలిన మీటరు కేబుల్‌ను బల్ల కింద పెద్ద చుట్టగా చుట్టి వదులుగా కట్టాను.

రెండో సమాధానం రాసినవారి నుంచి

చాలా సంతోషం. ఆ చుట్టను అలాగే వదులుగా ఉంచండి, గట్టిగా బిగించే ప్లాస్టిక్ పట్టీలు వాడకండి. డీఏసీ వైపు కొస ఎప్పుడైనా తీసి ఉంచాల్సి వస్తే, మీరు తీసిపెట్టిన ఆ చిన్న టోపీని మళ్లీ తొడగండి. కొస మీద దుమ్ము చేరితే 8 మీటర్ల దూరానికి మిగిలే కాంతిలో అదే పెద్ద అడ్డు.