రెండొందల సర్వర్లకు ఆన్సిబులా, పప్పెటా?

మాదాపూర్ అడ్మిన్:
మా దగ్గర దాదాపు 200 లినక్స్ సర్వర్లున్నాయి, చూసుకునేది ముగ్గురం. ఇన్నాళ్లూ షెల్ స్క్రిప్టులతో నెట్టుకొచ్చాం, ఇక మావల్ల కావట్లేదు. సర్వర్ల సెట్టింగుల్ని ఒకచోట రాసిపెట్టి అన్నిటికీ వర్తింపజేసే టూల్ కావాలి. మేనేజర్‌గారేమో పప్పెట్ పెట్టమంటున్నారు. నాకు ఆన్సిబుల్ నచ్చింది. మీరేమంటారు?

అమీర్‌పేట కుర్రాడు:
ఇందులో ఆలోచించేదేముందన్నా, కళ్లు మూసుకుని ఆన్సిబుల్ పెట్టెయ్. ప్రతి సర్వర్లో ఏజెంట్ ప్రోగ్రామ్ పెట్టే గొడవ లేదు. అవతల ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి), పైథాన్ ఉంటే చాలు. మా అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో డెవాప్స్ కోర్సంటే అదే నేర్పుతారు, రేపు మనిషి కావాలన్నా ఇట్టే దొరుకుతాడు.

కూకట్‌పల్లి రూట్:
కోర్సు బోర్డులు చూసి టూల్ ఎంచుకుంటే ఎలా తమ్ముడూ? రాత్రి రెండింటికి అలర్ట్ వచ్చిందనుకో. డ్యూటీలో ఉన్నవాడు ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో రూట్ (సర్వాధికారాలున్న యూజర్) లాగిన్‌ని 'యెస్' చేసి, పని కానిచ్చి, అలాగే వదిలేసి పడుకుంటాడు. ఆ ఫైల్ పప్పెట్ చేతిలో ఉంటే, మామూలుగా అరగంటకోసారి నడిచే ఏజెంట్ దాన్ని మళ్లీ 'నో' చేసేస్తుంది. ఆన్సిబుల్ మాత్రం మనం ప్లేబుక్ (చేయాల్సిన పనులు రాసిన ఫైల్) నడిపేదాకా అటు చూడదు. ఆడిట్‌వాళ్లు పట్టుకున్నాక పరుగులు పెట్టాలి.

మాదాపూర్ అడ్మిన్:
మా దగ్గర జరిగేది అచ్చం ఇదే అన్నా.

సైనిక్‌పురి సిస్టమ్స్:
జబ్బు నిజమే, పప్పెట్ అనే మందే మరీ ఘాటు. 8140 పోర్టు తెరిపించడం, సర్టిఫికెట్లు సైన్ చేయడం, సర్వర్ టైమ్ తేడా వచ్చి అవి చెల్లకపోతే తల పట్టుకోవడం... ముగ్గురిలో ఎవరు చూస్తారు? పైగా 2022లో పప్పెట్‌ని పర్‌ఫోర్స్ కంపెనీ కొన్నాక కథ మారింది. ఓపెన్‌సోర్స్ ప్యాకేజీలు అందరికీ ఇవ్వడం ఆపేస్తామనడంతో, 2025లో కమ్యూనిటీవాళ్లు ఓపెన్‌వాక్స్ అని వేరు కుంపటి పెట్టారు. ఆన్సిబుల్‌నే క్రాన్‌లో (టైమ్‌కి దానంతటదే నడిపించేది) పెట్టి, తెల్లవారుజామున చెక్, డిఫ్ ఆప్షన్లతో (ఏదీ మార్చకుండా తేడాలు మాత్రం చూపించేలా) నడపండి. ఏ ఫైల్లో ఏ లైన్ కదిలిందో పొద్దున్నే మెయిల్లో ఉంటుంది. ఫోర్క్స్ (ఒకేసారి ఎన్ని సర్వర్ల మీద పనిచేయాలన్న లెక్క) మాత్రం పెంచండి, డిఫాల్ట్ 5తో 200 సర్వర్లంటే టీ తాగొచ్చినా అవదు.

కూకట్‌పల్లి రూట్:
మెయిల్ వస్తే సరా, చదివేదెవరు? ఇంకోటి. పాత స్క్రిప్టులన్నీ షెల్ మాడ్యూల్లో (కమాండ్లను ఉన్నవున్నట్టు నడిపే ఆన్సిబుల్ భాగం) అతికించి అదే ప్లేబుక్ అనేవాళ్లే ఎక్కువ. చెక్ మోడ్‌లో షెల్ టాస్కులు మామూలుగా స్కిప్ అయిపోతాయి. రిపోర్ట్ శుభ్రంగా కనిపిస్తుంది, లోపల తేడా అలాగే ఉంటుంది.

మాదాపూర్ అడ్మిన్:
అయితే ఆన్సిబులే, కానీ స్క్రిప్టుల్ని టెంప్లేట్, సర్వీస్ మాడ్యూళ్లలోకి మార్చాకే. ఎస్ఎస్‌హెచ్, సుడో (ఎవరికి రూట్ అధికారాలో చెప్పే) ఫైళ్ల ప్లేబుక్‌ని మాత్రం చెక్ లేకుండా అరగంటకోసారి క్రాన్‌లో నడిపిస్తాం. మేనేజర్‌గారిని ఒప్పించే పని మీలో ఎవరైనా తీసుకుంటే బిర్యానీ నాది.