అప్‌డేట్: టెక్సస్‌లో పిల్లలిద్దరూ బడిలో చేరారు

హైదరాబాద్ నుంచి డాలస్ దగ్గరికి మారుతున్నాం, హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద వచ్చే పిల్లలకు సోషల్ సెక్యూరిటీ నంబర్ (అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబర్) ఉండదు కదా, బడిలో చేర్చుకుంటారా అని మే నెలలో అడిగాను. చేర్చుకున్నారు. ఆ నంబర్ బదులు స్కూల్ వాళ్లే ఒక ఐడీ ఇచ్చారు. లీజు కాగితం, కరెంటు బిల్లు చూసి అడ్రస్ ఖాయం చేసుకున్నారు.

అసలు టెన్షన్ టీకాల దగ్గరే. మనం తేదీ ముందు రాస్తాం, ఇక్కడ నెల ముందు. పాప పుట్టింది జూన్ 20న. హెపటైటిస్ ఎ మొదటి డోసు కార్డులో 05/07 అని ఉంది, అంటే ఏడాది నిండాక వచ్చిన జులై 5. స్కూల్ నర్సు దాన్ని మే 7 అని చదివి, ఏడాది నిండకముందు వేసింది చెల్లదన్నారు. నా గుండె జారిపోయింది. మా పిల్లల డాక్టరుగారు నెలల పేర్లతో మళ్లీ రాసి, స్టాంపు వేసి పంపారు, ఆయన మేలు మరచిపోలేను. బయల్దేరే ముందే మీరూ అలా రాయించుకోండి. తొమ్మిదో నెలలో వేసిన తట్టు టీకాను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. ఏడాది దాటాక వేసిన రెండు డోసులూ ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

బాబు యూకేజీ పూర్తి చేశాడు, అయినా ఒకటో తరగతిలో కాకుండా దాని ముందుండే కిండర్‌గార్టెన్‌లోనే వేశారు. సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్లే నిండాయి మరి. మొదట బాధేసింది. ఇప్పుడు వాడు పొద్దున్నే బస్సు కోసం నాకంటే ముందు గుమ్మంలో నిలబడుతున్నాడు.

అప్పుడు ఓపిగ్గా జవాబులిచ్చిన అక్కలకు, అన్నలకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.