శ్రీశైలం నీళ్లు ముందు కరెంటుకా, కాలువలకా?

పశ్చిమ ప్రకాశం:
శ్రీశైలంలో నీళ్లు కనీస మట్టమైన 854 అడుగులకు చేరకముందే టర్బైన్లు తిప్పితే తప్పేమిటి, కట్టిందే కరెంటు కోసం కదా అని కొందరి వాదన. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు అది జలవిద్యుత్ ప్రాజెక్టే, కాదనను. కానీ 1976లో మద్రాసు తాగునీటికి మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు ఇస్తామన్నాయి. ఆ నీళ్లు వెళ్లే దారి శ్రీశైలం జలాశయం ఒడ్డునున్న పోతిరెడ్డిపాడు గేట్లు. మట్టం 841 అడుగులు దాటనిదే అక్కడ కాలువలోకి చుక్క ఎక్కదు. టర్బైన్లకు ఆ ఇబ్బంది లేదు, అంతకంటే చాలా కిందినుంచీ లాక్కుంటాయి. ఇక పోటీ ఎక్కడుంది?

నెల్లూరు, విశ్రాంత విద్యుత్ ఉద్యోగి:
టర్బైను తిప్పిన నీళ్లు మాయమైపోవండీ, సాగర్‌కు చేరతాయి. మీ దర్శి పొలాలు తడిసేది సాగర్ కుడికాలువతోనే. పైగా సాయంత్రం అందరూ ఒకేసారి స్విచ్చి వేస్తారు. చల్లారిన బొగ్గు యూనిట్ మళ్లీ లేవాలంటే గంటలు పడుతుంది, జలవిద్యుత్ యూనిట్ నిమిషాల్లో లేస్తుంది. శ్రీశైలం కుడిగట్టున ఆంధ్ర వైపు 770, ఎడమగట్టున తెలంగాణ వైపు 900 మెగావాట్లు ఊరికే పెట్టలేదు. ఎడమగట్టు యూనిట్లయితే కింది నీటిని తిరిగి పైకి తోడగలవు కూడా.

పశ్చిమ ప్రకాశం:
దర్శి సరే. కనిగిరి మాటేమిటి? సాగర్ కాలువ అందని ఎత్తు, బోరు వేస్తే ఫ్లోరైడ్. మా ఆశంతా నల్లమలను సొరంగాలతో తొలిచే వెలిగొండ ప్రాజెక్టు మీదే. 43.5 టీఎంసీలు, అదీ వరద రోజుల్లో, అదీ శ్రీశైలం జలాశయం నుంచే. సొరంగం ముందు నీళ్లు నిలవకపోతే కొండ తొలిచి ఏం లాభం? సాగర్‌కు దిగిన నీళ్లను మళ్లీ నల్లమల ఎక్కించేది ఎవరు?

సోమశిల ఆయకట్టు రైతు:
పెన్నకు సొంత వరద వచ్చిన ఏడాది మాకు శ్రీశైలం గుర్తే రాదు. రాని ఏడాది పోతిరెడ్డిపాడు నుంచి వచ్చే కృష్ణా నీళ్ల వైపే చూపు. సోమశిల 78 టీఎంసీల జలాశయం, వట్టి ఆకాశాన్ని నమ్ముకుని నిండదు. ఒక్క మాట. కనీస మట్టాన్ని 1996లో 834కు దించిందీ, 2004లో మళ్లీ 854కు పెంచిందీ ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వమే. కాబట్టి ఎడమగట్టు తెలంగాణదని తిట్టి ఊరుకోవడం నాకు నచ్చదు. మట్టం పడిపోయినప్పుడు మన కుడిగట్టూ ఆగాలి.

నెల్లూరు, విశ్రాంత విద్యుత్ ఉద్యోగి:
రెండు గట్లూ ఒకేసారి ఆగితే నాకూ అభ్యంతరం లేదు. వరద ఉన్నన్నాళ్లు నిండుగా తిప్పి, 854కు దిగగానే ఆపమనండి. ఒక గట్టు ఆగి మరో గట్టు నడిస్తే మాత్రం ఆగినవాడికి నీళ్లూ దక్కవు, కరెంటూ దక్కదు.