తాతయ్య భుజం మీద పక్షి బొమ్మ: ఇది ఏ రెజిమెంట్?

గోదారిగట్టు:
మా తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేశారు. మాకు మిగిలింది ఈ ఒక్క స్టూడియో ఫోటో. భుజం మీద గుండ్రటి గుడ్డబిళ్ల, అందులో పక్షి. టోపీ మీది బ్యాడ్జీ మసకబారింది. బర్మా వెళ్లొచ్చారనీ, లారీ తోలడం అక్కడే నేర్చుకున్నారనీ నాయనమ్మ చెప్పేది. ఏ రెజిమెంట్ అయ్యుంటుంది? రికార్డుల కోసం ఎవరికి రాయాలి?

కెరెన్1941:
ఎర్ర గద్ద. నాలుగో భారత డివిజన్. ఆఫ్రికాలో ఎరిత్రియా, ట్యునీషియా, ఇటలీలో కసీనో అన్నీ చూసిన డివిజన్. మా పెదతాత అందులోనే ఉన్నారు. ఇంక వెతకనక్కర్లేదు.

భీమవరం_బాబు:
అది గద్ద కాదండీ, పుంజు. ఫోటో పెద్దది చేసి తోక చూడండి, పైకి లేచి కొడవలిలా వంగింది. గద్ద తోక అలా ఉంటుందా? 23వ డివిజన్ గుర్తు పసుపు వృత్తంలో ఎర్ర పందెం కోడి. 1944లో బర్మా సరిహద్దు దగ్గర ఇంఫాల్‌లో జపాన్‌వాళ్లతో పోరాడినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. నాలుగో డివిజన్ అసలు బర్మా గడప తొక్కలేదు.

కెరెన్1941:
కోడిపందేలు చూసిన కళ్లతో యుద్ధచరిత్ర తేల్చేస్తారా? ఇంట్లోవాళ్లు ‘బర్మా’ అన్నంత మాత్రాన బర్మా అయిపోదు. మన ఊళ్లలో యుద్ధానికి వెళ్లిన ప్రతివాడూ బర్మాకే వెళ్లాడంటారు.

భీమవరం_బాబు:
పెద్దవాళ్ల మాట తీసిపారేయకండి. ఆవిడ ఆయనతో కాపురం చేసిన మనిషి.

మాధవరం_మనవడు:
మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, మిలిటరీ మాధవరం అంటారు. మా తాత పతకాలను ఇత్తడి అనుకుని పాత సామాన్లవాడికి వేసేశారు. నేనప్పుడు చిన్నవాణ్ణి, సంచిలో పడిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. మీ ఇంట్లో ట్రంకుపెట్టె ఉంటే ఈరోజే అడుగు దాకా వెతకండి. ఆ యుద్ధంలో మనవాళ్లకిచ్చిన పతకాల్లో చాలావాటి మీద నంబరు, పేరు, దళం కొట్టి ఉంటాయి. గుండ్రటి పతకమైతే అంచు చూడండి.

పాత_స్టూడియో:
నలభై ఏళ్లు డార్క్‌రూమ్‌లో పనిచేశాను. ఆ కాలంలో ఎక్కువగా వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు అందదు, నల్లగా పడుతుంది. నాలుగో డివిజన్‌ది నల్లటి గుడ్డ మీద ఎర్ర గద్ద. అదే అయితే పక్షి గుడ్డలో కలిసిపోయేది. ఇక్కడ పక్షి నల్లగా, చుట్టూ లేతగా ఉంది. బాబుగారి మాటే నిజం.

కెరెన్1941:
స్కాన్ కాపీలో రంగులు తేల్చడం ఏంటి? ఒరిజినల్ చూపించమనండి.

సాపర్_రిటైర్డ్:
28 ఏళ్లు యూనిఫాం వేసుకున్నవాడిగా చెబుతున్నాను. మీరిద్దరూ కొట్టుకుంటున్నది డివిజన్ గుర్తు గురించి, ఆయన అడిగింది రెజిమెంట్. ఒక్క డివిజన్‌లో పదాతిదళం, ఫిరంగులు, సాపర్లు (వంతెనలు, దారులు వేసే, మందుపాతరలు తీసే ఇంజనీర్లు), సప్లై, వైద్యం అన్నీ ఉంటాయి, గుర్తు మాత్రం ఒకటే. రెజిమెంట్ పేరు భుజం పట్టీ మీది లోహపు అక్షరాల్లో ఉంటుంది. అయినా ఆ రోజుల్లో తెలుగువాడంటే మద్రాస్ సాపర్సే. బెంగళూరుకు రాయండి.

భీమవరం_బాబు:
అందరూ సాపర్లేనా సార్? మద్రాస్ రెజిమెంట్ లేదా? దారులు, కట్టడాల పనికి పెట్టిన పయనీర్లు లేరా?

సాపర్_రిటైర్డ్:
సాపర్ల చరిత్ర తెలియకుండా మాట్లాడొద్దు. 1944 ఫిబ్రవరిలో ఇటలీలో తోటివాళ్లను కాపాడటానికి మందుపాతర మీద పడి ప్రాణమిచ్చి, బ్రిటిష్ సాహస పతకం జార్జి క్రాస్ తెచ్చుకున్న సుబేదార్ సుబ్రమణ్యం మా మద్రాస్ సాపరే.

జావా_దారి:
23వ డివిజనే అయితే కథ ఇంఫాల్‌తో అయిపోలేదు. 1945 చివర్లో వాళ్లను జావాకు పంపారు. సురబయాలో ఇండోనేషియా స్వాతంత్ర్యం కోసం లేచినవాళ్ల మీదికి మన సైనికులను నడిపించారు. దాని గురించి మన ఇళ్లలో ఎవరూ మాట్లాడరు.

మాధవరం_మనవడు:
డిశ్చార్జి పుస్తకం చెదలు తినేస్తే పెన్షన్ అడగడానికి దారి ఉందా? మా మామ్మ అలాగే అడిగి అడిగి పోయింది.

గోదారిగట్టు:
ట్రంకులో పట్టుచీర మడతలో గుండ్రటి పతకం దొరికింది! చింతపండుతో తోమబోతే అమ్మ ఆపింది. మెత్తటి గుడ్డతో తుడిచి, టార్చి ఏటవాలుగా వేస్తే అంచు మీద నంబరు, తాతయ్య పేరు, చివర ‘ఆర్.ఐ.ఎ.ఎస్.సి.’ అని కనిపించాయి. దానర్థం ఏమిటి?

పాత_స్టూడియో:
రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, సప్లై, రవాణా దళం. నాయనమ్మగారు లారీ అని మొదటే చెప్పారు, మేమెవరం పట్టించుకోలేదు. దీమాపూర్ రైలు దిగిన సరుకు కోహిమా మీదుగా ఇంఫాల్ దాకా 200 కిలోమీటర్లకు పైగా కొండదారిలో లారీల మీదే వెళ్లింది.

సాపర్_రిటైర్డ్:
అయితే బెంగళూరులోని ఏఎస్‌సీ (ఆ దళానికి ఇప్పటి పేరు, ఆర్మీ సర్వీస్ కోర్) రికార్డ్స్‌కు రాయండి. అంచు మీది నంబరు అంకె పొల్లుపోకుండా, పతకం, ఫోటో కాపీలు జతచేసి.

భీమవరం_బాబు:
పుంజు అని చెప్పానా లేదా!

జావా_దారి:
గోదారిగట్టు గారూ, ట్రంకులో ఉత్తరాలేమైనా ఉన్నాయా? జావా స్టాంపు ఉంటే ఇక్కడ పెట్టండి.